లేబులు ఎక్కడ ఆగుతున్నది?



ఈ పూట ప్రస్తావింపబోవు విషయము చాలా చిన్నది. అరచేతిలో ఇమిడిపోయే కాగితపు ముక్క. లుంగీ మడత మీద, ఆసుపత్రిలో రక్తము తీసిన గొట్టము మీద, చెప్పుల పెట్టె మీద అంటించే లేబులు. మన అంగళ్ళలో దానిని స్టిక్కరు అనేవారే ఎక్కువ. ఆ స్టిక్కరు కంప్యూటరు నుండి రావలసినంత త్వరగా రాక, ఒకటి వచ్చి ఆగి, మరొకటి వచ్చి మళ్ళీ ఆగి, పనివాని సహనమును పరీక్షించుచున్నప్పుడు ఏమి చూడవలె, ఎక్కడ చూడవలె? ఇంతే ఈనాటి ప్రసంగము.

విషయము చిన్నదే గాని మన ఉత్తర ఆర్కాడు ప్రాంతమునకు దానితో ఉన్న అనుబంధము చిన్నది కాదు. 1911లో ఉత్తర ఆర్కాడు నుండి విడివడి చిత్తూరు వేరొక జిల్లా అయినప్పటికిని, పాలేటికి దక్షిణపు గట్టున ఉన్న, రాయవేలూరు అనబడు వేలూరులోను, కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తములోను, ఇంట తెలుగు, వీధిలో తమిళము, కాగితము మీద ఇంగ్లీషు అను వ్యవహారము ఎన్నో కుటుంబములలో నేటికిని సాగుచునే యున్నది. ఈ మూడు భాషల సంగతిని కొంచెము గుర్తుంచుకోండి. స్టిక్కరు ఆలస్యమునకు దీనికి సంబంధమున్నది. ముందుకు పోయిన తరువాత చెబుతాను.

గుడియాత్తము పేరు చెప్పగానే లుంగీ గుర్తుకు వస్తుంది. లుంగీ తరువాత అగ్గిపెట్టె. శివకాశి నుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరు 1922 ప్రాంతమున కలకత్తాకు పోయి, అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చి, కరువు నేలలో ఒక పరిశ్రమను నిలబెట్టిన కథ దక్షిణదేశమున చాలామంది ఎరిగినదే. ఆ పెట్టెలకు లేబుళ్ళు కావలసి వచ్చి, శివకాశిలో అచ్చు పనియు దాని వెంటనే పెరిగినది. మన గుడియాత్తము కూడ అగ్గిపెట్టెల ఊరే. పెట్టె మడిచిన చేతులు, లేబులు అంటించిన చేతులు ఎక్కువగా ఆడవారివి.

ఆ అగ్గిపెట్టె లేబులును ఒక్కసారి తలచుకోండి. ఎర్రని అంచు, పసుపు నేల, నడుమ ఒక నెమలియో ఏనుగో. లక్ష పెట్టెలకైనను బొమ్మ ఒక్కటే. పలక మీద ఆ బొమ్మ ఒక్కమారు కుదిరినదంటే, ఆ తరువాత యంత్రము దానినే మరల మరల అచ్చువేసుకొంటూ పోతుంది. ఏ పెట్టెకు ఏ బొమ్మ అని యంత్రమునకు ఎవరును చెప్పవలసిన పని లేదు.

ఇప్పటి స్టిక్కరు అట్టిది కాదు. ఒక్కొక్క స్టిక్కరు ఒక్కొక్క రకము. ఈ లుంగీ ధర వేరు, ఆ లుంగీ ధర వేరు. ఇది ఈ నెల సరకు, అది క్రిందటి నెల సరకు. 2011 నాటి ప్యాకేజి సరకుల నియమముల ప్రకారము, ముందుగా పొట్లము కట్టి అమ్మే వస్తువు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, వస్తువు పేరు, పరిమాణము, నెల, సంవత్సరము, అన్ని పన్నులతో కలిసిన గరిష్ఠ ధర ఉండి తీరవలె. వీటిలో కొన్ని ఎన్నటికి మారవు. కొన్ని ప్రతిసారీ మారుతాయి. ఇక ఆసుపత్రి సంగతి చెప్పనే అక్కరలేదు. 1900లో ఐడా స్కడర్ అను వైద్యురాలు ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజిగా పెరిగి, వంగదేశము నుండియు, ఈశాన్య రాష్ట్రముల నుండియు, మన చిత్తూరు తిరుపతుల నుండియు రోగులను రప్పించుకొనుట వలననే గదా వేలూరు వైద్యనగరమైనది. ఆసుపత్రి ఏదైనను కానిండు, ప్రయోగశాలలో ఒక గొట్టము మీద ఉన్న సంఖ్య మరొక గొట్టము మీద ఉండరాదు. ఉంటే అనర్థమే.

కాబట్టి కంప్యూటరు స్టిక్కరులో రెండు పాళ్ళు ఉన్నవి. మారనిది ఒక పాలు. మారేది ఒక పాలు. ఆలస్యమంతా ఈ రెండింటిని వేరు చేయకపోవుట వలననే వస్తుందని నా అభిప్రాయము. సర్వత్రా కాదు. నూటికి తొంబది అనుటకు నా దగ్గర లెక్కలు లేవు గాని, చాలా చోట్ల ఇదే.

ఒక లుంగీల అంగడిని ఊహించుకొందాము. దీపావళి దగ్గరపడినది. ఐదువందల స్టిక్కర్లు కావలె. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు బటను నొక్కినాడు. ఒక స్టిక్కరు వచ్చినది. ఆగినది. ఎర్రదీపమో పచ్చదీపమో మిణుకుమన్నది. మరొక స్టిక్కరు వచ్చినది. మళ్ళీ ఆగినది. గల్లాపెట్టె దగ్గరి యజమాని తల ఎత్తినాడు.

"ఏమి రా అబ్బయ్యా, ఇంకా కాలేదా?"

"మిషను నిదానంగా వస్తా ఉండాదన్నా. నేనేం చేసేది?"

"పాతదైపోయిందేమో. కొత్తది తెప్పించేద్దామా?"

కొత్తది తెప్పించవద్దు. కనీసము ఈ ప్రసంగము ముగిసేదాకా తెప్పించవద్దు. మొదట చేయవలసిన పనికి కాసు ఖర్చు లేదు. కుర్చీ దగ్గరకు లాగుకొని మిషను వంక చూడండి. చెవి పెట్టి వినండి. ఎక్కడ ఆగుతున్నది? ఈ ప్రశ్నను మళ్ళీ అడుగుతాను, ఎందుకనగా మొత్తము వైద్యము ఈ ప్రశ్నలోనే ఉన్నది. ఎక్కడ ఆగుతున్నది?

కాగితము ఎక్కడా ఆగకుండ, కాని మెల్లగా, సమముగా జరుగుతూ వస్తున్నదనుకోండి. అప్పుడు మిషనుకు పెట్టిన వేగమే తక్కువ. దానిని పెంచవలె. అంతే. దాని మంచి చెడ్డలు తరువాత చెబుతాను. అట్లు కాక, స్టిక్కరు చటుక్కున వచ్చి, తరువాత నిశ్శబ్దము, మళ్ళీ ఒకటి చటుక్కున వచ్చి, మళ్ళీ నిశ్శబ్దము, ఇట్లు జరుగుతున్నదనుకోండి. అప్పుడు మిషను తప్పు ఏమియు లేదు. అది చేయవలసిన పని చేసి, కంప్యూటరు నుండి తరువాతి మాట కొరకు ఎదురుచూస్తున్నది. ఇక మూడవ తీరు. బటను నొక్కిన తరువాత చాలాసేపు ఏమియు రాదు. తరువాత అన్నియు గబగబ వస్తాయి. అక్కడ ఆలస్యము మిషనులోను లేదు, తీగలోను లేదు. కంప్యూటరు లోపల, ముద్రణకు సిద్ధము చేసుకొనుటలోనే ఉన్నది.

ఇంకను సందేహముంటే ఒక పరీక్ష ఉన్నది. కంప్యూటరు తీగ ఊడదీయండి. మిషను మీద ఫీడు బటను ఉంటుంది. మిషను ఆపి, ఆ బటను నొక్కిపట్టుకొని మళ్ళీ ఆన్ చేసినచో, చాలా రకముల మిషనులు తమ సంగతులు తామే ఒక కాగితము మీద అచ్చువేసి చూపిస్తాయి. ఎవరి సాయము లేకుండ, లోపలున్న మాటలను మిషను తానే వేస్తుంది. ఆ కాగితము చకచక వచ్చినదా? వస్తే మిషను ఆరోగ్యముగానే ఉన్నది. ఆలస్యము వేరే చోట ఉన్నది. ఈ ఒక్క పరీక్ష చేయకుండ కొత్త మిషనుకు డబ్బు కట్టిన అంగళ్ళు మన బజార్లలో తక్కువ కావని అనుకొంటాను. కొత్త మిషను వచ్చిన తరువాతను ఆలస్యము అట్లే ఉంటుంది, ఎందుకనగా మారినది మిషను, మారనిది మనము పంపే తీరు.

ఇప్పుడు అసలు విషయమునకు వస్తాను. కంప్యూటరు మిషనుకు ఏమి పంపుతున్నది?

ధనుర్మాసములో తెల్లవారుజామున వాకిట ముగ్గు వేయుట మన ఇళ్ళలో ఉన్నదే. ముగ్గు నేర్చిన కోడలితో అత్తగారు, "అమ్మా, పదకొండు చుక్కల తామరపువ్వు వేయి" అంటే చాలును. ఆ పిల్ల పిండి గిన్నె పట్టుకొని వాకిలి దాటుతుంది. తామర ఎట్లుంటుందో ఆమె చేతికి తెలుసు. మరొక ఇంట మరొక అత్తగారు ఉన్నదనుకోండి. ఆమె కోడలిని నమ్మదు. గడపలో నిలబడి, "ఇక్కడ ఒక చుక్క పెట్టు. దాని ప్రక్కన ఇంకొకటి. దాని ప్రక్కన ఖాళీ. తరువాత చుక్క" అని ఒక్కొక్క చుక్కను నోటితో చెబుతుంది. ముగ్గు రెండిళ్ళలోను ఒక్కటే. కాని రెండవ ఇంట తామర పూర్తి అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. కోడలి చేయి మందమా? కాదు. ఆమె అత్తగారి మాట కొరకు ఆగి ఆగి వేస్తున్నది.

స్టిక్కరు మిషను చుక్కలతోనే గీస్తుంది. ఇది ఉపమానము కాదు, నిజమే. సన్నని వేడి చుక్కలు ఒక వరుసగా దాని తలలో ఉంటాయి. అక్షరమును, ఇంగ్లీషు అంకెను, బార్‌కోడు గీతలను చుక్కలుగా ఎట్లు పేర్చవలెనో ఆ మిషనుకు పుట్టుకతోనే తెలుసు. "ఈ చోట ఈ అంకె వేయి, ఆ చోట ఈ సంఖ్యకు బార్‌కోడు వేయి" అని చెబితే చాలును. కాని మన కంప్యూటరు చాలా సార్లు ఆ రెండవ అత్తగారి వలె ప్రవర్తిస్తుంది. స్టిక్కరు మొత్తమును తానే ఒక బొమ్మగా గీసి, ఆ బొమ్మలోని చుక్కలన్నింటిని, నల్ల చుక్కలను, ఖాళీలను కూడ, ఒకటొకటిగా పంపుతుంది. ఐదువందల స్టిక్కర్లకు ఐదువందల సార్లు పంపుతుంది.

అంకెలు చెవికి భారమే. అయినను రెండు మూడు చెప్పక తప్పదు. నిదానముగా చెబుతాను. సాధారణమైన స్టిక్కరు మిషను ఒక మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు వేస్తుంది. పెట్టె మీద 203 డీపీఐ అని వ్రాసి ఉంటే అర్థము అదే. మన లుంగీ స్టిక్కరు అడ్డము 50 మిల్లీమీటర్లు, కాగితము జరిగే దిక్కున 25 మిల్లీమీటర్లు అనుకొందాము. అంటే ఒక ప్రక్క 400 చుక్కలు, మరొక ప్రక్క 200. మొత్తము 80,000 చుక్కలు. ఎనిమిది చుక్కలను ఒక అక్షరమంత చోటులో సర్దినను, 10,000 అక్షరముల బరువు. అదే స్టిక్కరును మాటలలో చెబితే, అంగడి పేరు, ధర, సంఖ్య, ఏది ఎక్కడ వేయవలెనన్న సూచనలు అన్నియు కలిసి, సుమారు 200 అక్షరములలో ఇమిడిపోతుంది. పదివేలకు ఇన్నూరు. యాబది రెట్లు భేదము.

ఈ భేదము పాత సీరియలు తీగ మీద కంటికి కనబడుతుంది. ఇప్పటికి ఎన్నో చోట్ల తూనిక యంత్రముల ప్రక్కన ఆ తీగలే ఉన్నవి. 9,600 వేగమున పెట్టిన సీరియలు తీగలో క్షణమునకు, అనగా ఒక సెకనుకు, 960 అక్షరములు మాత్రమే పోతాయి. బొమ్మ పోవుటకు పది సెకన్లు దాటుతుంది. మాటలు పోవుటకు సెకనులో ఐదవ వంతు. ఐదువందల స్టిక్కర్లను బొమ్మలుగా పంపితే గంటన్నరకు దగ్గర. మాటలుగా పంపితే? అప్పుడు తీగ కాదు, కాగితము జరిగే వేగమే హద్దు. సెకనుకు 100 మిల్లీమీటర్లు జరిగే మిషనులో, స్టిక్కరుకు స్టిక్కరుకు నడుమ సందుతో కూడ కలిపి, ఐదువందలు రెండున్నర నిమిషములలోపు వచ్చేస్తాయి. గంటన్నర ఒక వైపు. రెండున్నర నిమిషములు ఒక వైపు. మిషను అదే. కాగితము అదే.

యూఎస్‌బీ తీగ ఉన్నవారు, "మాకు ఈ బాధ లేదు" అనవచ్చును. కొంతవరకు నిజమే. ఆ తీగ విశాలమైనది. పదివేల అక్షరములు దానికి ఒక లెక్క కాదు. కాని బొమ్మను తయారుచేసే శ్రమ కంప్యూటరుకు ఉన్నది, దానిని విప్పి చదువుకొనే శ్రమ మిషనుకు ఉన్నది, స్టిక్కరు పెద్దదైన కొలది ఆ శ్రమ పెరుగుతుంది. కొరియరు పార్సెళ్ళకు అంటించే పెద్ద లేబులు ఉన్నది గదా, 100 మిల్లీమీటర్లకు 150 మిల్లీమీటర్లది, దానిలో 9,60,000 చుక్కలు. దాదాపు పది లక్షలు. తోలు సరకు ఎగుమతి చేసే ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలో పెట్టెలకు అంటించేవి ఎక్కువగా ఇట్టి పెద్దవే. అక్కడ తీగ ఎంత మంచిదైనను తేడా తెలిసిపోతుంది.

సరే, కంప్యూటరును మొదటి అత్తగారిగా మార్చుట ఎట్లు?

ప్రతి స్టిక్కరు మిషనుకు తనదైన ఒక ఆజ్ఞల భాష ఉన్నది. జీబ్రా వారి భాషను జెడ్‌పీఎల్ అంటారు. టీఎస్‌సీ వారిది టీఎస్‌పీఎల్. ఆ భాష మీరు నేర్చుకోనక్కరలేదు. మీరు వాడుతున్న లేబులు సాఫ్టువేరులో అక్షరముల రకము ఎంచుకొనే చోటునకు పొండి. కంప్యూటరులోని అందమైన అక్షరములు అక్కడ ఉంటాయి. వాటితో పాటు ప్రింటరు అక్షరములు అని వేరే ఉంటాయి. అందమైనవి ఎంచుకొంటే బొమ్మగా పోతుంది. ప్రింటరు అక్షరములు ఎంచుకొంటే మాటగా పోతుంది. బార్‌కోడు కూడ అంతే. వేరొకచోట తయారుచేసి బొమ్మగా తెచ్చి అతికించిన బార్‌కోడు వద్దు. సంఖ్యను ఇచ్చి, మిషను చేతనే గీయించవలె. దీనిలో మరొక లాభమున్నది. అతికించిన బొమ్మను చిన్నది పెద్దది చేసినప్పుడు గీతల అంచులు చుక్కల మీద సరిగా కూర్చోక, స్కానరు తడబడుతుంది. మిషను తానే గీసిన గీత చుక్కకు చుక్క సరిపోతుంది. సాఫ్టువేరు అమర్చినవారితో ఈ ఒక్క మాట చెప్పండి: "బొమ్మగా పంపవద్దు. మాటగా పంపండి." అర్థము కాకపోతే మళ్ళీ చెప్పండి.

ఇప్పుడు మూడు భాషల సంగతి. మొదట గుర్తుంచుకొమ్మన్నాను గదా.

మిషనుకు పుట్టుకతో తెలిసిన అక్షరములు ఇంగ్లీషువి. మన తెలుగునకు గుణింతములున్నవి, ఒత్తులున్నవి; క్షకు వేరే రూపమున్నది. తమిళములో ఎ, ఏ, ఐ గుర్తులు అక్షరమునకు ముందు వచ్చి కూర్చుంటాయి. ఏ అక్షరము ప్రక్కన ఏది వస్తే రూపమెట్లు మారుతుందో లెక్క కట్టుకొనే తెలివి సాధారణమైన స్టిక్కరు మిషనుకు ఉండదు. అందుచేత తెలుగు ముక్కయో తమిళ ముక్కయో కనబడగానే కంప్యూటరు దానిని బొమ్మగానే మార్చి పంపుతుంది. నియమముల ప్రకారము వివరములు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండవలెను, ఇతర భాషలు అదనముగా ఉండవచ్చును. కాని అంగడి పేరు తమిళములోను తెలుగులోను వేసుకోవలెనన్న కోరిక మన ఆర్కాడు వ్యాపారులకు ఉండుట సహజము, ఉండుట మంచిది కూడ. వేగము కొరకు మాతృభాషను వదలుకొనుమని నేను చెప్పను.

దారి ఉన్నది. అంగడి పేరు మారదు గదా. ఆ తెలుగు పేరును, తమిళ పేరును బొమ్మగా చేసి, ఒక్కసారి మిషను జ్ఞాపకములో దాచండి. తరువాత ప్రతి స్టిక్కరుకు "దాచిన బొమ్మను ఇక్కడ వేయి" అను ఒక్క ముక్క పంపితే చాలును. మారనిది ఒకసారి. మారేది ప్రతిసారి. లుంగీ రకముల పేర్లు కూడ తెలుగులోనే కావలెనంటే, ఆ పదియో ఇరువదియో పేర్లను పదియో ఇరువది బొమ్మలుగా దాచి, ఏది కావలెనో పేరు పెట్టి పిలవవచ్చును.

ఇక్కడ ఒక జాగ్రత్త. మిషనులో రెండు విధములైన జ్ఞాపకములు ఉంటాయి. ఒకటి కరెంటు పోతే మరచిపోతుంది. రెండవది మరచిపోదు. జీబ్రా మిషనులలో మొదటి దానికి ఆర్ అను అక్షరము, రెండవ దానికి ఈ అను అక్షరము గుర్తులు. బొమ్మను మొదటి దానిలో దాచి, సాయంకాలము మిషను ఆపి ఇంటికి పోతే, మరునాడు ధర వస్తుంది, అంగడి పేరు మాత్రము రాదు. ఆ చోట తెల్లగా ఉంటుంది. మిషను చెడినదని అనుకోవద్దు. బొమ్మను రెండవ జ్ఞాపకములో దాచండి.

జ్ఞాపకములో దాచుట కూడ అక్కరలేని మార్గమొకటి ఉన్నది. నాకు అన్నింటికంటె ఇదే ఇష్టము. అంగడి పేరు, గుర్తు, చిరునామా రంగులలో అచ్చువేయించిన స్టిక్కరు రోళ్ళను ప్రెస్సులో చేయించుకొని, ధరయు, సంఖ్యయు, నెలయు వేయవలసిన చోటు మాత్రము ఖాళీగా వదలించుట. అప్పుడు అగ్గిపెట్టె లేబులు చేసిన పనిని ప్రెస్సు చేస్తుంది, కంప్యూటరు తన వంతు మాత్రము చేస్తుంది. తమిళము, తెలుగు ఎంత అందముగా కావలెనన్న అంత అందముగా ఉంటాయి. ఆలస్యము లేదు. ఐదారు నెలలకు సరిపడ సరకు ఒక్కసారి తెప్పించవలసి వచ్చుట, చిరునామా మారితే రోళ్ళు వృథా అగుట దీనిలోని ఇబ్బందులు. చిన్న అంగడికి కష్టమే. పెద్ద సరకు ఆడేవారికి లాభమే.

ఇక లెక్క చెప్పే తీరు. ఒకే రకపు స్టిక్కర్లు వంద కావలసినప్పుడు, వంద సార్లు "ఒకటి వేయి" అనుట ఒక పద్ధతి. ఒక్కసారి "వంద వేయి" అనుట ఒక పద్ధతి. చాలా బిల్లింగు సాఫ్టువేరులు మొదటి పద్ధతినే పాటిస్తాయి, వ్రాసినవానికి అది సులువు గనుక. వంద ఆర్డర్లు వరుసలో నిలబడతాయి; ప్రతిదానికి తెరచుట, మూయుట. అంతకంటె, చించుకొనుటకు వీలుగా అమర్చిన మిషను ఆర్డరు ముగియగానే స్టిక్కరును ముందుకు తోస్తుంది, తరువాతి ఆర్డరు రాగానే కాగితమును వెనుకకు లాగుకొని అచ్చువేస్తుంది. ముందుకు, వెనుకకు. ముందుకు, వెనుకకు. మీరు చెవి పెట్టి వింటే ఆ చప్పుడు వినబడుతుంది. వందకు ఒక్క ఆర్డరు ఇస్తే ఈ ఊగులాట సాధారణముగా చివర ఒక్కసారే. లెక్క ఒక్కసారి చెప్పండి.

వేగము పెంచుట గురించి తరువాత చెబుతానన్నాను. మిషను అమరికలో వేగము, నలుపు అని రెండు ఉంటాయి. వేగము పెంచితే కాగితము త్వరగా జరుగుతుంది, కాని వేడి చుక్క కాగితము మీద నిలిచే సమయము తగ్గుతుంది. అక్షరము పలచబడుతుంది. నలుపు పెంచి సరిచేసుకోవచ్చును, కొంతవరకే. బార్‌కోడు గీతలు కాగితము జరిగే దిక్కునకు అడ్డముగా పడుతున్నచో, వేగములో గీత అంచులు చెదరి స్కానరు చదవదు. అంగడిలో స్కానరు చదవకపోతే సంఖ్యను చేతితో కొట్టుకొంటారు, గిరాకి ఒక్క నిమిషము విసుగుకొంటాడు. ప్రయోగశాలలో చేతితో కొట్టిన సంఖ్య ఒక్క అంకె తప్పినచో ఒకరి రక్తము మరొకరి పేరున పోతుంది. కనుక ఆసుపత్రివారు వేగము జోలికి పోవద్దు. అక్కడ త్వర కావలసినది కాగితమునకు కాదు, పంపే మాటకు.

వేలూరు ఎండల సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు. కర్తరిలో మధ్యాహ్నపు వేళ, ఫ్యానైనను లేని గోడౌనులో, వేలకొలది స్టిక్కర్లు ఆపకుండ వేస్తే మిషను తల మితిమీరి వేడెక్కి, తనను తాను కాపాడుకొనుటకు ఆగుతుంది. చల్లబడిన తరువాత మళ్ళీ మొదలుపెడుతుంది. ఉదయము బాగుండి మధ్యాహ్నము ఆగే మిషనుకు సాఫ్టువేరు మార్చి ప్రయోజనము లేదు. గాలి తగిలే చోట పెట్టండి, పెద్ద పనిని ప్రొద్దున చేసుకోండి. రిబ్బను అక్కరలేక వేడికే నల్లబడే కాగితము వాడేవారు ఆ రోళ్ళను ఎండ తగిలే కిటికీ ప్రక్కన పెట్టవద్దు. అచ్చు పడకముందే కాగితము మసకబారుతుంది.

వైఫై మీద నడిపేవారికి ఒక్క మాట. ఒకప్పుడు చకచక, ఒకప్పుడు ఐదు నిమిషములు మౌనము, దానికొక క్రమము లేదు అంటే తీగ వేసి చూడండి. గోడ అవతల ఉన్న మిషనుకు మాట అందుటలోనే చిక్కు ఉండవచ్చును. తీగ వేసిన తరువాత సరిపోతే, తీగనే ఉంచండి.

చివరకు మిషను నిజముగానే పాతబడి, మార్చవలసిన రోజు వస్తుంది. అప్పుడు వేరొక కంపెనీది తెస్తే భాష మారవచ్చును. పాత దానికి నేర్పిన ఆజ్ఞలు కొత్తదానికి అర్థము కాకపోవచ్చును, పాత దానిలో దాచిన తెలుగు పేరు, తమిళ పేరు దానితోనే పోతాయి. అందుచేత ఆ బొమ్మల ఫైళ్ళను, స్టిక్కరు కొలతలను, అమరికల కాగితమును ఒక పెన్‌డ్రైవులో వేసి గల్లాపెట్టెలో పెట్టించండి. అమరికల కాగితమంటే మరేమీ కాదు, ఫీడు బటను నొక్కిపట్టుకొని మిషను చేత వేయించినారే, అదే. దాని మీద వేగము, నలుపు, తీగ అమరిక అన్నియు వ్రాసి ఉంటాయి. కొత్త మిషను పెట్టడానికి వచ్చిన మనిషి మొదట అడిగేది అదే.